తలంటు

తెలుగువారి ఇండ్లలో స్నానం నిత్యకృత్యం. తలంటు మాత్రం వేడుక. భోగినాడు, ఉగాదినాడు, నరకచతుర్దశినాడు తెల్లవారకముందే పిల్లలను నిద్రలేపి, పీట వేసి కూర్చోబెట్టి, మాడున నూనె పెట్టి, ఒంటికి నలుగు పెట్టి, కుంకుడు రసంతో తల రుద్ది, కాగులో కాగిన వేన్నీళ్ళు పోయడం తరతరాలుగా వస్తున్న ఆచారం. పెండ్లికుమార్తెకైనా, పెండ్లికుమారునికైనా మంగళస్నానం తలమీద నూనెతోనే మొదలవుతుంది. పుట్టిన బిడ్డ మాడు మీద ఆముదం అద్దిన చేయి, ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై దూరదేశానికి బయలుదేరేటప్పుడు కూడా తల నిమిరి పంపుతుంది. ఆశీర్వచనానికి మన పెద్దలు ఎంచుకొన్న చోటు శిరస్సే.

వెంట్రుకల మీద మన భాషకు ఉన్న మక్కువ కూడా తక్కువది కాదు. కేశాలు, శిరోజాలు, కుంతలాలు, కురులు అని ఎన్నో పేర్లు. అల్లితే జడ, చుట్టితే ముడి, ఎత్తి పెడితే కొప్పు, బిగించి కట్టితే సిగ. అనుభవజ్ఞుని ‘తలపండినవాడు’ అంటాము. గండం ‘వెంట్రుకవాసి’లో తప్పిందంటాము. కయ్యం ముదిరితే ‘సిగపట్ల’ దాకా పోయిందంటాము. ‘జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే’ అన్న సామెత తెలియని ఊరు లేదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తన అభిమానాన్ని ప్రకటించుకొనేది తెర మీదుగా జారవిడిచిన జడతోనే. భక్తుడు తిరుమల కొండ ఎక్కి కల్యాణకట్టలో స్వామికి సమర్పించుకొనేవి తలనీలాలే. సన్నని పోగు చుట్టూ ఇంత మానం, ఇంత మురిపెం, ఇంత భక్తి అల్లుకొని ఉన్నాయి.

అయితే ఆ పోగుకు ప్రాణం లేదు. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినది. దాని జీవమంతా చర్మం కింద ఉన్న కుదురులోనే ఉంటుంది. కుదురుకు రక్తం ద్వారా ఆహారం అందుతుంది; అక్కడ కొత్త కణాలు పుట్టి, గట్టిపడి, పైకి నెట్టబడతాయి. చర్మం దాటి వెలుగు చూసిన భాగం అప్పటికే నిర్జీవం. అందువల్లనే వెంట్రుకను కత్తిరిస్తే నొప్పి కలుగదు. పీకితే నొప్పి కలుగుతుంది. గోటికి గాయమైతే మానదు, కొత్త గోరు రావలసిందే. వెంట్రుక కూడా అంతే. ఒకసారి చిట్లిన కొనను అతికించగల మందు లోకంలో లేదు. చెడిపోకుండా కాపాడుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్న పని.

వెంట్రుక పై పొర పెంకుటింటి కప్పు వంటిది. పెంకు మీద పెంకు పరచినట్లు సన్నని పొలుసులు ఒకదానిపై ఒకటి, కుదురు నుండి కొన వైపునకు వాలి ఉంటాయి. పెంకులు సరిగా ఒదిగి ఉన్నంతకాలం ఇంట్లోకి వాన కారదు. పొలుసులు ఒదిగి ఉన్నంతకాలం వెంట్రుక నునుపుగా ఉంటుంది, వెలుగు పడితే మెరుస్తుంది, పక్క వెంట్రుకతో చిక్కుపడదు. ఎండ, వేడిగాలి, గాఢమైన క్షారం, మోటైన దువ్వెన వాటిని లేపివేస్తాయి. అప్పుడు జుట్టు గరుకెక్కుతుంది, చిక్కులు పడుతుంది, తెగుతుంది. మెత్తని జుట్టు అంటే పొలుసులు చెదరని జుట్టు. ఆరోగ్యమైన జుట్టు అంటే కుదురుకు ఆహారం అందుతున్న జుట్టు. ఈ రెండింటికీ తేడా తెలుసుకొన్నవారికి కేశసంరక్షణలో సగం తెలిసినట్లే.

శాస్త్రం ఈ విధంగా చెప్పే మాటలను శాస్త్రం చదువని ఒక ముసలి చేయి ఆచరణలో చూపేది.

కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఒక పల్లెలో ఆ ఇల్లు ఉంది. వెనుక కొబ్బరితోట, పెరటిలో మందార చెట్టు, కరివేప చెట్టు, నూతి పక్కన కలబంద. ఆ ఇంటి అమ్మమ్మకు డెబ్బై ఏళ్ళు. తల్లిదండ్రులు ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉండగా మనుమరాలు పదవ తరగతి వరకు ఆమె వద్దనే పెరిగింది. నడుము దాటి వేలాడే ఆ పిల్ల జడను చూసి ఊరివారు ముచ్చటపడేవారు. “పిల్లది అదృష్టవంతురాలు” అనేవారు. అదృష్టం వెనుక ఉన్న శ్రమ ఆదివారం ఉదయం ఆ పెరటిలోకి తొంగిచూసిన వారికి మాత్రమే తెలిసేది.

ఆ శ్రమ శనివారం సాయంత్రమే మొదలయ్యేది. పది పదిహేను కుంకుడుకాయలను రాతితో చితుకగొట్టి, నల్లని గింజలు తీసివేసి, తొక్కలను వేడినీళ్ళలో నానబెట్టేది అమ్మమ్మ. గింజలు మనుమరాలి ఆటకు. తెల్లవారేసరికి తొక్కలు మెత్తబడేవి. వాటిని చేతితో పిసికితే పాలనురుగు వంటి నురుగు పొంగేది. దానిని పలుచని గుడ్డలో వడకట్టేది. వడకట్టకపోతే తొక్క తునకలు జుట్టులో చిక్కుకొని, దువ్వేటప్పుడు వెంట్రుకలను తెంపుతాయి. కుంకుడు తొక్కలో సాపోనిన్లనే పదార్థాలు ఉన్నాయి. నురుగు పుట్టించి, నూనెను, మురికిని నీటితో కలిపి కడిగివేసేవి అవే. కుంకుడు రసానికి స్వల్పమైన ఆమ్లగుణం ఉంటుంది. మాడు చర్మం స్వభావం కూడా అదే. కాబట్టి పొలుసులు లేవకుండా మురికి పోతుంది. పట్టుచీరలను, బంగారు నగలను సైతం పూర్వం దీనితోనే శుభ్రం చేసేవారంటే దాని మెత్తదనం ఎంతటిదో గ్రహించవచ్చు. శీకాయ కూడా ఈ జాతి గుణం కలదే. ఈ కాయలు అడవి పంటలు. మన్యంలో గిరిజనులు వీటిని ఏరి తెస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి వద్ద కొని, పట్టణాలకు చేరవేస్తోంది. నగరంలో ఒకరి తల మీద పొంగిన నురుగు వెనుక అడవిలో మరొకరి శ్రమ ఉందన్నమాట.

ఇక నూనె. ముదిరిన కొబ్బరిని కోరి, పాలు తీసి, సన్నని సెగ మీద గంటల తరబడి కాస్తే పాలు విరిగి నూనె పైకి తేలుతుంది. అడుగున మిగిలే ఎర్రని గసిని పిల్లలు బెల్లంతో కలిపి తినేవారు. ఆ నూనెలో కాలువ గట్టున దొరికే గుంటగలగర ఆకు, గుప్పెడు కరివేపాకు, చెంచాడు మెంతులు వేసి మరొకసారి కాచి సీసాలో పోసి ఉంచేది అమ్మమ్మ. కోనసీమలో కొబ్బరినూనె అయినట్లే, మరికొన్ని సీమలలో నువ్వుల నూనె, ఇంకొన్నిచోట్ల వంటాముదం తలకు వాడతారు. ఏ నేలకు దగ్గరైన పంట ఆ నేల మనుషుల తలకు చేరింది. కొబ్బరినూనెకు ఒక విశేషం ఉంది. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొచ్చుకొనిపోగలదు. స్నానానికి ముందు ఆ నూనె రాసిన జుట్టు కడిగినప్పుడు తనలోని మాంసకృత్తును తక్కువగా కోల్పోతుందని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన నిరూపించింది. పొద్దుతిరుగుడు నూనెలో గాని, ఖనిజ తైలంలో గాని ఆ గుణం కనిపించలేదు. తలంటుకు ముందు నూనె పెట్టాలన్న ముసలివారి నియమం మూఢాచారం కాదని దీనివలన తెలుస్తున్నది.

గిన్నెను వేన్నీళ్ళలో ఉంచి నూనెను గోరువెచ్చగా చేసి, వేళ్ళ కొసలతో మాడు మీద మెల్లగా రాసేది అమ్మమ్మ. గోళ్ళు తగలనిచ్చేది కాదు. మందార ఆకులను రోటిలో నూరి, ఆ జిగురును జుట్టు పొడవునా పట్టించేది. ఆ జిగురు ఒక పలుచని పూతలా వెంట్రుకను కప్పి, నునుపును ఇస్తుంది. నానబెట్టి రుబ్బిన మెంతులు చేసే పని కూడా ఇదే. తరువాత కుంకుడు రసం. కళ్ళు మూసుకోమని ఎంత చెప్పినా పిల్ల తెరిచేది. మంట అని కేకలు పెట్టేది. వెంటనే నోటిలో ఒక ఉప్పుగల్లు వేసి, కళ్ళను చల్లని నీళ్ళతో కడిగేది. కన్ను చల్లబడేది నీటివల్లనే అయినా, ఏడుపు ఆగేది మాత్రం ఉప్పుగల్లు వల్లనే.

స్నానం ముగిసిన తరువాత తడిజుట్టును ముతక తువాలుతో రుద్దడం ఆ ఇంట నిషిద్ధం. మెత్తని పాత నూలుచీర ముక్కను తలకు చుట్టి, నీటిని పీల్చుకోనిచ్చేది. తడిగా ఉన్నప్పుడు వెంట్రుక సులభంగా సాగుతుంది, సాగి తెగుతుంది. “తడి జుట్టును దువ్వడం పచ్చి కుండను తట్టడమే తల్లీ” అనేది అమ్మమ్మ. ఆరిన తరువాత, పండ్లు దూరంగా ఉన్న కొయ్య దువ్వెనతో, ముందుగా కొనల వద్ద చిక్కు తీసి, క్రమంగా పైకి వచ్చేది. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన వెదురు గంప బోర్లించి, ఆ గంప మీద కురులు ఆరవేసి కూర్చున్న మనుమరాలికి కథలు చెప్పేది. కథ పూర్తయ్యేసరికి జుట్టు ఆరేది. జడ అల్లేటప్పుడు కూడా లాగి బిగించేది కాదు. రోజూ బిగించి లాగితే నుదుటి మీది కుదుళ్ళు బలహీనపడి, పాపిడి వెడల్పవుతుందని ఆమె ఎరుగును.

వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఆ లెక్కన మూడు అడుగుల జడకు ఏడున్నర సంవత్సరాలు పడుతుంది. పదిహేడేళ్ళ పిల్ల జడ కొన ఆమె తొమ్మిది పదేళ్ళ వయసులో పుట్టినదన్నమాట. అంటే ఆ కొన మూడు నాలుగు వందల తలంట్లను, అన్ని ఆదివారాల ఎండలను, అన్ని కథలను చూసి ఉంటుంది. నిర్జీవమైన పోగు ఇంతకాలం చెదరకుండా నిలిచిందంటే, దానిని తాకిన చేతుల ఓర్పే అందుకు కారణం.

పదవ తరగతి తరువాత ఆ పిల్ల ఇంటర్మీడియట్ చదువుకు నగరంలోని ఒక వసతి కళాశాలలో చేరింది. అక్కడి దినచర్య గంటకొట్టినట్లు సాగేది. తెల్లవారుజామున ఐదు గంటలకు చదువు గది. రాత్రి పదకొండు గంటలకు నిద్ర. స్నానాల గదుల ముందు బకెట్లతో బారులు. గొట్టపుబావి నీరు ఉప్పగా, చవుడుగా ఉండేది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉన్న ఇటువంటి కఠినజలంలో సబ్బు సరిగా నురగదు. తెట్టుగా మారి వెంట్రుకలకు అంటుకొంటుంది. వారానికి ఒకసారి, ఒక బకెట్ నీళ్ళతో, ఐదు నిమిషాలలో తలస్నానం ముగించి, తడిజుట్టునే జడగా బిగించి తరగతికి పరుగెత్తడం ఆ పిల్లకు అలవాటైపోయింది. ఉదయం ఫలహారం మానివేయడం, దాని బదులు టీ త్రాగడం కూడా అలవాటైపోయాయి.

రెండవ సంవత్సరం సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు భోగినాటి తెల్లవారుజామున అమ్మమ్మ పీట వేసింది. నూనె పెట్టి వేళ్ళు తీయగానే చేతినిండా వెంట్రుకలు వచ్చాయి. మరొకసారి నిమిరింది, మళ్ళీ వచ్చాయి. ఆ జడ పిడికిట్లో సగానికి తగ్గిపోయింది. పాపిడి వద్ద చర్మం తెల్లగా కనిపిస్తున్నది. అమ్మమ్మ ఏమీ అనలేదు. రాలిన వెంట్రుకలను ఉండగా చుట్టి పక్కన పెట్టింది.

“అమ్మమ్మా, కత్తిరించుకొంటాను. రోజూ జడకు అరగంట పోతోంది. ఎలాగూ రాలిపోతోందిగా” అన్నది మనుమరాలు, తల తిప్పకుండానే.

“ఎప్పటి నుంచే ఇలా?”

“దసరా తరువాత జ్వరం వచ్చింది. అప్పుడు బాగానే ఉంది. ఈ నెలా రెండు నెలల నుంచే.”

“మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?”

పిల్ల జవాబు చెప్పలేదు. అమ్మమ్మ ఆమె ముఖాన్ని తనవైపునకు తిప్పుకొని, కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా లాగి చూసింది. ఎర్రగా ఉండవలసిన చోటు సున్నం వేసిన గోడలా ఉంది. గోళ్ళు చూసింది. అవి కూడా పాలిపోయి ఉన్నాయి.

“ఇది నా నూనెతో పోయే జబ్బు కాదు తల్లీ” అన్నది.

ముక్కనుమ దాటిన మరునాడు ఇద్దరూ ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి వెళ్ళారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 గ్రాములు మాత్రమే ఉన్నట్లు తేలింది. ఆ వయసు ఆడపిల్లకు 12 గ్రాములైనా ఉండాలి.

“మామ్మగారూ, జుట్టు ఊడుతోందని అందరూ నూనెల కోసం తిరుగుతారు. మీరు సరాసరి ఇక్కడికే తీసుకొచ్చారు” అన్నది వైద్యురాలు.

“డాక్టరమ్మగారూ, మొక్క ఆకులు రాలుస్తుంటే ఆకులకు నీళ్ళు పోస్తామా? మొదట్లో పోస్తాము గాని” అన్నది అమ్మమ్మ.

వైద్యురాలు వివరంగా చెప్పింది. మనిషి తలపై ఇంచుమించు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్క వెంట్రుక రెండు నుండి ఆరు సంవత్సరాలు పెరుగుతుంది. కొందరిలో అంతకన్న ఎక్కువ కాలం కూడా. తరువాత మూడు నెలలు విశ్రాంతి తీసుకొని రాలిపోతుంది. ఆ చోట కొత్తది మొలుస్తుంది. రోజుకు యాభై నుండి వంద వెంట్రుకలు రాలడం సహజమే. కాని తీవ్రమైన జ్వరం, ప్రసవం, మనోవేదన, పోషకాహార లోపం వంటివి కలిగినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి పోతాయి. రెండు మూడు నెలలు గడిచాక అన్నీ కలిసి రాలుతాయి. అందుకే దసరానాటి జ్వరం సంక్రాంతికి బయటపడింది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ నుండి కోలుకొన్న అనేకులు కొన్ని నెలల తరువాత జుట్టు రాలడం చూసి భయపడినది కూడా ఇందువల్లనే. కుదురు చావలేదు కాబట్టి జుట్టు తిరిగి వస్తుంది. అయితే రక్తంలో ఇనుము లేకపోతే రావలసినది కూడా ఆలస్యమవుతుంది.

ఆ పిల్ల ఒంటరిది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ళ వయసు ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఇందరు పిల్లలు అలసటను చదువు భారమని, జుట్టు రాలడాన్ని నీళ్ళ దోషమని అనుకొంటూ రోజులు గడుపుతున్నారు. శరీరం ఉన్న పోషకాలను ముందుగా గుండెకు, మెదడుకు పంపుతుంది. మిగిలితేనే వెంట్రుకలకు ఇస్తుంది. కనుక లోపలి లోటును తొలుత చాటి చెప్పే చాటింపులలో జుట్టు ఒకటి. చాటింపును అణచివేసినంత మాత్రాన ఆపద తొలగిపోదు.

వైద్యురాలు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు రాసి ఇచ్చింది. తోటకూర, మునగాకు, నువ్వులు, పప్పులు, గుడ్డు తినమన్నది. భోజనంలో నిమ్మరసమో, ఉసిరికాయో ఉంటే ఇనుము బాగా వంటబడుతుందని, అన్నం తిన్న వెంటనే టీ త్రాగితే అది ఇనుమును వంటబట్టనీయదని చెప్పింది. దారిలో అమ్మమ్మ, “ఉసిరికాయ తలకు మంచిదని మా అమ్మ అనేది. తలకు రాయాలనుకొన్నాను గాని, కంచంలో వేయాలని ఇన్నాళ్ళకు తెలిసింది” అని నవ్వింది.

ఆ నవ్వులో ఒక మంచి పాఠం ఉంది. ప్రకృతి ఇచ్చినదంతా మేలే చేస్తుందని కొందరు నమ్ముతారు. పాతదంతా పనికిరానిదని మరికొందరు కొట్టివేస్తారు. రెండూ తొందరపాటే. గోరింటాకు చల్లనిది, మంచిది. కాని త్వరగా నల్లబడాలని రసాయనపు రంగు కలిపి ‘నల్ల గోరింట’ పేరుతో అమ్మే పొడి కొందరి చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. కుంకుడు మంచిదే, రోజూ రుద్దితే మాడు ఎండిపోతుంది. నూనె మంచిదే, అది చుండ్రును అన్నివేళలా పోగొట్టదు, కొందరిలో పెంచుతుంది కూడా. షాంపూ శత్రువు కాదు. అసలు ఆ మాట మన దేశపుదే. నొక్కడం, మర్దన చేయడం అని అర్థమిచ్చే హిందీ మాట నుండి అది పుట్టింది. 1759లో పాట్నాలో జన్మించిన దీన్ మహమ్మద్ 19వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండులోని బ్రైటన్ నగరంలో స్నానశాల నెలకొల్పి, మన మర్దనను అక్కడివారికి రుచి చూపాడు. కాలక్రమంలో చేతిపని పేరు సీసాలోని ద్రవానికి పేరయింది. చిన్న ప్యాకెట్లలో చేరి తిరిగి మన పల్లెలకే వచ్చింది. పేరు మిగిలింది గాని, ఆ మాటలో మొదట ఉన్న చేయి మాయమైంది. తీరిక లేనివారు మృదువైన షాంపూను నీటిలో కలిపి, మాడుకు మాత్రమే రాసుకొని, చక్కగా కడుక్కొంటే తప్పు లేదు. ఆ తరువాత జుట్టును తొందరపెట్టకుండా ఆరనివ్వడం ముఖ్యం.

కళాశాలకు తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మమ్మ మనుమరాలి పెట్టెలో ఒక కొయ్య దువ్వెన, మెత్తని నూలుగుడ్డ, చిన్న సీసాలో నూనె, పెద్ద డబ్బాలో నువ్వులుండలు పెట్టింది. పైన మాత్రల పొట్లం ఉంచి, “నూనె మరిచినా ఫరవాలేదు. ఇవి మరువకు. ఉదయం ఏదో ఒకటి తినకుండా తరగతికి పోకు” అన్నది. జుట్టు కత్తిరించుకోవద్దని మాత్రం అనలేదు. అనాలని ఉండి కూడా అనలేదని ఆ పిల్లకు తెలుసు.

పబ్లిక్ పరీక్షలు ముగిసి, ఎండలు ముదిరిన రోజులలో మనుమరాలు ఊరికి వచ్చింది. జుట్టు భుజాల వరకు ఉంది. చిట్లిన కొనలన్నీ పోయాయి. ఏడేళ్ళ ఆదివారాలు కూడా వాటితోపాటు పోయాయి. వాకిట్లో నిలిచి అమ్మమ్మ ఏమంటుందోనని బెదురుగా చూసింది.

అమ్మమ్మ దగ్గరకు వచ్చి, ముందుగా కింది రెప్ప లాగి చూసింది. అక్కడ ఎరుపు తిరిగి వచ్చింది. తరువాత పాపిడి విడదీసి చూసింది. నుదుటి అంచున, పాపిడి పొడవునా, వేలెడు పొడవు లేని కొత్త వెంట్రుకలు పైరు మొలకల్లా నిలువుగా లేచి ఉన్నాయి.

“నీకు కోపం రాలేదా అమ్మమ్మా?” అని అడిగింది ఆ పిల్ల.

“కోపమెందుకే? నువ్వు పుట్టినప్పుడు ఊపిరి అందక పది రోజులు ఆసుపత్రిలో ఉన్నావు. నువ్వు బతికితే తలనీలాలు ఇస్తానని మొక్కుకొన్నాను. ఇచ్చాను. నా జడ కూడా నీ జడంత ఉండేది. జుట్టు మనిషి కోసం గాని, మనిషి జుట్టు కోసం కాదు. నీ ఒంట్లో రక్తం ఉంటే అదే వస్తుంది.”

మరునాడు ఆదివారం. అమ్మమ్మ అలవాటు ప్రకారం కుంకుడుకాయలు ముందేసుకొని కూర్చున్నది. రాయి ఎత్తబోతే వేళ్ళు ముడుచుకోలేదు. కీళ్ళనొప్పులు ఆ వేసవిలో బాగా ముదిరాయి. మనుమరాలు ఆమె చేతిలోని రాయి తీసుకొని కాయలు కొట్టింది, గింజలు తీసింది, తొక్కలు నానబెట్టి, పిసికి, వడకట్టింది. నూనె గిన్నెను వేన్నీళ్ళలో ఉంచింది. పీట వేసి, “ఈ వారం నువ్వు కూర్చో” అన్నది. అమ్మమ్మ మొదట వద్దన్నది; తరువాత కూర్చున్నది.

నెరిసి పలుచబడిన ఆ కురుల మధ్య గోరువెచ్చని నూనెను వేళ్ళ కొసలతో రాస్తుంటే ఆ ముసలి కళ్ళు మూతపడ్డాయి. గోళ్ళు తగలనివ్వకుండా, కొనల నుండి చిక్కు తీస్తూ, ఎక్కడా లాగకుండా ఆ పిల్ల చేతులు కదులుతున్నాయి. ఆ నేర్పు ఆమెకు ఎవరూ ప్రత్యేకంగా బోధించలేదు. ఏడేళ్ళు తన తలమీద తిరిగిన చేతుల వల్లనే అది ఆమె చేతులకు అబ్బింది.

కురులను మెత్తగా ఉంచేది నూనె ఒక్కటే కాదు, ఆకు ఒక్కటే కాదు. కడుపుకు ఇంత మంచి ఆహారం, కంటికి ఇంత నిద్ర, చేతికి ఇంత ఓర్పు కావాలి. వారానికి ఒక్క గంట ఒకరి తలను మరొకరు ఒడిలోకి తీసుకొనే తీరిక కావాలి. ఆ తీరిక ఉన్న ఇంట్లో రాలిన వెంట్రుక మాత్రమే కాదు, పాలిపోయిన కనురెప్ప కూడా కంటబడుతుంది. మన పెద్దలు తలంటును పండుగగా నిలిపినందుకు సార్థకత అందులోనే ఉన్నది.